అడుగుకో మాట

జేన్ ఆస్టిన్ ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ 1813లో వచ్చింది. ఆ నవల చదివినవాళ్లకు ఎలిజబెత్ బెన్నెట్ బురదలో నడిచి వెళ్లిన ఉదయం గుర్తుండే ఉంటుంది. పరాయి ఇంట్లో అక్కకు ఒంట్లో బాగాలేదని కబురొస్తుంది. బండి దొరికే వీలు లేదు. దూరం మూడు మైళ్లు. వాన వెలిసిన మర్నాడు కాబట్టి దారంతా చిత్తడి. ఎలిజబెత్ కాలినడకన బయల్దేరుతుంది. పొలాలకు అడ్డంపడి, కంచెలు దాటి, నీటిగుంటలు గెంతి ఆ భవనం చేరుకుంటుంది. అప్పటికి ఆమె మేజోళ్లు మట్టిగొట్టుకుపోయి ఉంటాయి, ముఖం మాత్రం వెలిగిపోతూ ఉంటుంది. ఈ ప్రయాణానికి ఆస్టిన్ పెట్టిన మాట చాలా మామూలుది: వాక్.

ఎలిజబెత్ గది దాటి వెళ్లగానే ఆ ఇంటి ఆడపడుచు మిస్ బింగ్లీ అదే ప్రయాణానికి ఇంకో మాట వాడుతుంది: స్కాంపర్. ఉడతలు, ఎలుకలు, కుందేటి పిల్లలు అటూ ఇటూ పరుగులు తీసే తీరుకు ఇంగ్లీషులో ఉన్న మాట అది. అవే పొలాలు, అదే బురద, అవే రెండు కాళ్లు. రచయిత్రి కంటికి అది ఒక మనిషి తన ఇష్టంతో వేసిన అడుగు. మిస్ బింగ్లీ కంటికి ఇల్లూ వాకిలీ మరిచిన చిన్న జంతువు ఉరుకు. ఆమె ఎలిజబెత్‌ను తిట్టిన మిగతా తిట్లు అలా ఉంచండి. ఇక్కడ క్రియాపదం మార్చింది, అంతే. ఆమె కడుపులో ఉన్న అసూయ, తాను మనసుపడ్డ డార్సీ చూపు ఎటు పోతోందో అన్న భయం, తన వర్గం మీద తనకున్న అతిశయం అన్నీ ఆ ఒక్క మాటలోంచి బయటపడ్డాయి. ఆ నడకతో ఎలిజబెత్ కళ్లు మరింత కాంతిమంతంగా కనిపించాయని డార్సీ అన్నప్పుడు మిస్ బింగ్లీ ఏరుకున్న మాట చేతిలోనే చితికిపోతుంది. నవలలో ఇంత చిన్న చోట, నడకకున్న రెండు పేర్ల మధ్య, ఇంత నాటకం ఆడించిన ఆస్టిన్ చేతికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

మన ఆలంకారికుల్లో కుంతకుడు ఈ సొగసుకు పర్యాయవక్రత అని పేరు పెట్టాడు. ఒకే అర్థానికి పది మాటలుండగా కవి వాటిలో ఒక్కదాన్నే ఏరుకుంటాడు. మిగిలిన తొమ్మిదీ చెయ్యలేని పనేదో ఆ మాట చేస్తుంది. క్షేమేంద్రుడు ఔచిత్యం ఉండవలసిన చోట్లు లెక్కపెడుతూ క్రియాపదాన్ని విడిగా చెప్పాడు. ఇద్దరూ కాశ్మీరదేశం వాళ్లు, సుమారు వెయ్యేళ్ల కిందటివాళ్లు. వాళ్ల కళ్లెదుట ఉన్నవి సంస్కృత కావ్యాలు. అయినా ఇంగ్లీషులో నడకకున్న మాటల వరస చూస్తుంటే కుంతకుడి చేతికి ఇవి చిక్కి ఉంటే ఎంత మురిసిపోయేవాడో అనిపిస్తుంది. సాంటర్, స్ట్రోల్, యాంబుల్, రాంబుల్, వాండర్, రోమ్, ప్లాడ్, ట్రజ్, మార్చ్, స్ట్రైడ్, స్ట్రట్, లింప్, టాడిల్. ఇంకా ఎన్నో ఉన్నాయి. నిఘంటువు వీటన్నిటి ఎదుటా ‘నడుచు’ అనే మాట పెట్టి పక్కన ఒక క్రియావిశేషణం తగిలిస్తుంది. చదువుకునే పిల్లవాడికి అది చాలు. రసికుడికి చాలదు. ఈ మాటల్లో ప్రతిదాన్లోనూ ఒక ఒళ్లుంది, దాని కింద ఒక నేల ఉంది, లోపల ఒక మనసుంది.

ఇంగ్లీషుకు ఈ సంపద ఎలా వచ్చిందో భాషాశాస్త్రం కొంత చెబుతుంది. లెనర్డ్ టాల్మీ అనే అమెరికన్ భాషావేత్త చలనాన్ని చెప్పే పద్ధతిని బట్టి భాషల్ని రెండు జట్లుగా చూపించాడు. కొన్ని భాషల్లో క్రియాపదం దారిని చెబుతుంది: ఎక్కడం, దిగడం, లోపలికి పోవడం, బయటికి రావడం. మరికొన్నింట్లో క్రియాపదం తీరును చెబుతుంది. దారిని పక్కనున్న చిన్న అవ్యయాలు మోస్తాయి. స్పానిష్ మొదటి జట్టు, ఇంగ్లీషు రెండోది. డాన్ స్లోబిన్ అనే పరిశోధకుడు మాటలే లేని ఒక బొమ్మల పుస్తకాన్ని (తప్పిపోయిన కప్ప కథ, 1969లో మెర్సర్ మేయర్ గీసినది) పలు భాషలవాళ్ల చేత చెప్పించిన కథల్ని పోల్చి చూశాడు. ఇంగ్లీషువాళ్లు చెప్పిన కథల్లో తీరును చెప్పే క్రియలు స్పానిష్ కథల్లో కంటే చాలా ఎక్కువ కనిపించాయి. వాళ్ల భాషలో మనిషి ఊరికే వెళ్లడు. ఎలా వెళ్లాడో కూడా నోటి వెంట వచ్చేస్తుంది.

తెలుగు పద్ధతి వేరు. మన క్రియ దారి పట్టుకుంటుంది: వచ్చాడు, వెళ్లాడు, ఎక్కాడు, దిగాడు. తీరు ముందే వచ్చి పక్కన నిలబడుతుంది, అదీ ఎక్కువగా చప్పుడుగా. చకచకా, వడివడిగా, బుడిబుడిగా, దబదబా. లేకపోతే ఒక చిన్న దృశ్యంగా: కాళ్లీడ్చుకుంటూ, మునివేళ్ల మీద, తూలుతూ. కావ్యాల్లోనైతే నడక తీరు మనిషికి పేరే అయిపోయింది. మందగమన, గజగామిని అన్నాక ఆమె ఏం చేసినా, కూర్చున్నా కూడా ఆ నడక ఆమెను వదలదు. ఇంగ్లీషు నడక తీరు అలా కాదు. అడుగు పడినంతసేపు ఉంటుంది, అడుగు ఆగగానే ఆగిపోతుంది. రెండూ రెండు రకాల అందాలు. మొదటిది శిల్పానికి దగ్గర, రెండోది నాట్యానికి.

వాక్ అనే మాట పుట్టుక విన్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. ప్రాచీన ఇంగ్లీషులో దాని పూర్వరూపం వెయల్కన్. దానికి అప్పుడు నడవడం అనే అర్థం లేదు. దొర్లడం, అల్లకల్లోలంగా పొర్లడం, సముద్రపు అల కదిలే తీరు దాని అర్థం. అదే కుటుంబంలోంచి ఒక వృత్తి పేరు కూడా వచ్చింది. నేసిన ఉన్ని గుడ్డను నీళ్ల తొట్టెలో వేసి కాళ్లతో తొక్కి తొక్కి చిక్కబరిచేవాణ్ణి వాకర్ అనేవాళ్లు. ఇంగ్లండులో ఇప్పటికీ వేలాది కుటుంబాలు మోస్తున్న వాకర్ అనే ఇంటిపేరు ఆ తొట్టెలోంచి నడిచొచ్చిందే. 13వ శతాబ్దం నాటికి అల దొర్లే మాట మనిషి కాలికి చేరి, నడక అనే అర్థంలో స్థిరపడింది. ఈ మార్పు ఎలా జరిగిందో పండితులు మెట్టు మెట్టుగా చెప్పడానికి ప్రయత్నిస్తారు. నాకు మాత్రం నడిచే మనిషి నడుమును కాసేపు చూస్తే చాలనిపిస్తుంది. ఒక పక్క లేస్తుంది, ఒక పక్క వాలుతుంది. బరువు ఇటు నుంచి అటు పొర్లుతుంది.

పనిపాటల నడకకు ఇంగ్లీషులో రెండు గొప్ప మాటలున్నాయి: ప్లాడ్, ట్రజ్. పైకి రెండూ ఒకటే. రెండింటిలోనూ బరువుంది, రెండూ మెల్లగా సాగుతాయి. వీటి తేడా తెలుసుకోవాలంటే నిఘంటువు కంటే ఇద్దరు కవులు మంచి గురువులు.

థామస్ గ్రే స్మశానంలో రాసిన విలాపగీతం 1751లో అచ్చయింది. బకింగ్‌హమ్‌షైర్‌లోని స్టోక్ పోజెస్ చర్చి ఆవరణకు ఆ కవితతో విడదీయరాని బంధం. మొదటి పద్యంలోనే పొద్దువాలుతుంది, పశువులు మళ్లుతాయి, పొలం దున్నిన రైతు ఇంటిదారి పడతాడు. ఆ రైతు కాళ్లకు గ్రే ఇచ్చిన మాట ప్లాడ్. పెదవులు మూసుకుని తెరుచుకునే మొదటి చప్పుడులో కాలు మట్టిలోంచి పైకొస్తుంది, చివరి డకారంలో తిరిగి నేల మీద పడుతుంది. నాగలిని ఇంగ్లీషులో చెప్పే ప్లౌ అనే మాటా అదే పకార లకారాల జంటతో మొదలవుతుంది. అందుకే రైతూ అతని నడకా ఒకే మట్టిలోంచి లేచినట్టు వినిపిస్తాయి. ఇక్కడ ఇంకో సొగసుంది. అలసట అనే విశేషణాన్ని గ్రే రైతుకు తగిలించలేదు, అతను నడిచే దారికి తగిలించాడు. కుంతకుడు ఉపచారవక్రత అన్నది దీన్నే. అలసటంతా దారి తీసుకుంది. రైతుకు మిగిలింది ఓర్పు ఒక్కటే. ప్లాడ్ చేసేవాడు విసుక్కోడు. ఈ అడుగు ఇందాకటి అడుగులాగే ఉంటుంది, వచ్చే అడుగూ ఇలాగే ఉంటుంది, ఇల్లు వస్తుంది. ఆ మాటలో శాంతి ఉంది.

ట్రజ్‌లో ఆ శాంతి లేదు. మనం కాళ్లీడ్చుకుంటూ అన్నప్పుడు కాళ్లు మనవి కానట్టు, ఎవరివో లాక్కెళుతున్నట్టు ఉంటుంది చూడండి, ట్రజ్ అక్కడ ఉంది. ఇష్టం అయిపోయాక, శక్తి అయిపోయాక, ఇంకా దారి మిగిలి ఉంటే ఆ మిగిలిన దారిలో పడే అడుగు అది. విల్ఫ్రెడ్ ఓవెన్ మొదటి ప్రపంచయుద్ధం మీద రాసిన ‘డుల్సే ఎట్ డెకోరమ్ ఎస్ట్’ కవిత మొదటి ఎనిమిది పంక్తుల్లో ఈ మాట వస్తుంది. యుద్ధం మనసును దెబ్బతీస్తే చికిత్స కోసం ఎడింబరో దగ్గర క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రిలో చేరి, 1917లో అక్కడ ఉండగా రాశాడు దాన్ని. ముందువరసలో పోరాడిన సైనికులు విశ్రాంతి శిబిరం వైపు తిరిగివస్తున్నారు. వాళ్లకు ఓవెన్ మొదట ఇచ్చిన మాట ట్రజ్. వెంటనే మార్చ్ అన్నాడు, కానీ నిద్రలో మార్చ్. ఆ తరవాత లింప్, అంటే కుంటడం. చాలామందికి బూట్లు పోయాయి, నెత్తురే పాదరక్షయింది.

ఈ మూడు క్రియల వరసను నేను ఎన్నిసార్లు చదువుకున్నా గుండె పట్టేస్తుంది. మార్చ్ అనే మాటకు ప్రాణం లయ. వందమంది కాళ్లు ఒక్క కాలుగా పడాలి, కళ్లు సూటిగా చూడాలి, గుండె విరుచుకోవాలి. సైన్యం గురించి దేశం గర్వంగా చెప్పుకునే మాట అది. ఓవెన్ దాన్ని తీసేయలేదు. అక్కడే ఉంచి, దానికి నిద్ర పట్టించాడు. నిద్రపోతున్న మార్చ్ ఇంకా మార్చేనా? ముందున్న ట్రజ్, వెనకున్న లింప్ రెండు పక్కల నుంచీ ఆ గర్వపు మాటను పట్టుకుని నేలకు దించుతాయి. యుద్ధం తప్పని ఆయన ఇంకా ఒక్క వాదనా మొదలుపెట్టలేదు. విషవాయువు ఇంకా రాలేదు. అయినా ఈ పాటికే మార్చ్ అనే మాట మనకు మళ్లీ మునుపటిలా వినిపించదు. మూడు నడకలతో కరుణరసాన్ని ఇంత నిండుగా నిలిపిన కవిని నేను మరొకరిని చూపలేను. 1918 నవంబరు 4న, యుద్ధం ఆగడానికి వారం ముందు, ఓవెన్ కాలవ దాటుతూ చనిపోయాడు. కవిత 1920లో అచ్చయింది.

తీరిక నడకలు వేరే లోకం. స్ట్రోల్, యాంబుల్, సాంటర్. ఇప్పుడు సాయంకాలపు చల్లగాలికి అంటుకుపోయిన స్ట్రోల్ పదిహేడో శతాబ్దంలో దిమ్మరుల మాట. గూడూ నీడా లేక ఊళ్లు పట్టుకు తిరిగేవాళ్లకు, ఊరూరా ఆడే నాటకాలవాళ్లకు వాడేవాళ్లు. దిక్కులేనివాడి తిరుగుడు కాలక్రమాన తీరికున్నవాడి షికారయింది. యాంబుల్ గుర్రానిది. ఒక పక్క ముందుకాలూ వెనకకాలూ కలిసి కదిలే మెత్తని నడక, ఎక్కినవాడికి కుదుపుండదు. దీని మూలం లాటిన్‌లో నడకను చెప్పే ధాతువు. అంబులెన్స్ అనే మాటా అక్కడి నుంచే వచ్చింది.

సాంటర్ దగ్గర మాత్రం ఆగాలి. హెన్రీ డేవిడ్ థోరో ‘వాకింగ్’ అనే వ్యాసాన్ని ముందు ఉపన్యాసంగా చాలాసార్లు చెప్పాడు. 1862 మేలో ఆయన పోయాడు, మరుసటి నెల అది అట్లాంటిక్ మంత్లీలో వచ్చింది. రోజుకు కనీసం నాలుగు గంటలు అడవుల్లో, గుట్టల మీద తిరగనిదే తన ఆరోగ్యం, తన మనసు నిలవవని అందులో రాసుకున్నాడు. అక్కడ ఆయన సాంటర్‌కు ఒక పుట్టుక చెబుతాడు. మధ్యయుగాల్లో పుణ్యభూమికి పోతున్నామని చెప్పి భిక్షమెత్తుతూ తిరిగేవాళ్లుండేవారనీ, ఫ్రెంచిలో పుణ్యభూమిని సాంత్ తేర్ అంటారు కాబట్టి పిల్లలు వాళ్లను చూసి ఆ పేరుతో కేకలేసేవారనీ, అలా ఈ మాట పుట్టిందనీ. పదచరిత్రకారులు ఒప్పుకోరు. సాంటర్ ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చలేమంటారు. రోమ్ అనే క్రియ రోమ్ నగరానికి పోయే యాత్రికుల నుంచి వచ్చిందన్న పాత నమ్మకానికీ గట్టి ఆధారం లేదు. యాత్రికుల నుంచి నిజంగా పుట్టిన మాట ఒకటుంది: క్యాంటర్. కాంటర్‌బరీ క్షేత్రానికి పోయే భక్తుల గుర్రాలు పరుగూ నడకా కాని తీరులో సాగేవి. ఆ తీరుకు ఊరి పేరే పేరయింది.

థోరో చెప్పిన పుట్టుక చరిత్రకు నిలవదు. రసానికి నిలుస్తుంది. ఆ వ్యాసం చదివాక సాంటర్ అనే మాటను మామూలు షికారుగా వినడం నాకు సాధ్యం కాలేదు. స్ట్రోల్ చేసేవాడికి కాళ్లు తీరికగా ఉన్నాయి. సాంటర్ చేసేవాడికి కళ్లు కూడా తీరికగా ఉన్నాయి. తొందర లేకపోవడం ఒక్కటే కాదు, అడుగు పడిన ప్రతిచోటా ఆగదగ్గది ఏదో ఉందన్న భరోసా అతనికుంది. పుణ్యక్షేత్రం దారి చివర లేదు, దారి పొడవునా ఉంది. ఒక రచయిత తనకిష్టమైన మాటకు ఒక స్థలపురాణం తగిలించి, ఆ పురాణం మాటలోకి ఇంకిపోయేంతగా నమ్మడం నాకు చాలా గొప్పగా తోస్తుంది. మన గుళ్ల చుట్టూ అల్లుకున్న కథలూ ఇలా పుట్టినవే కదా.

వాండర్ ఇంకా లోతైన మాట. దాని మూలంలో తిరగడం, మెలిక తిరగడం ఉంది. తిన్నగా పోనిది అని అర్థం. వర్డ్స్‌వర్త్ తన ప్రసిద్ధమైన డాఫోడిల్ పూల కవితను 1807లో అచ్చువేశాడు. మొదటి పాదంలోనే తాను మబ్బులా ఒంటరిగా వాండర్ చేశానంటాడు. వెనకున్న సంగతి చెల్లెలు డొరతీ దినచర్యలో దొరుకుతుంది. 1802 ఏప్రిల్ 15న అన్నాచెల్లెళ్లిద్దరూ ఉల్స్‌వాటర్ సరస్సు పక్కగా ఇంటివైపు వస్తున్నారు. గాలి ఎంత ఉధృతంగా ఉందంటే వెనక్కి మళ్లాలనుకున్నారు. అంటే ఆ రోజు అతను ఒంటరీ కాదు, గమ్యం లేనివాడూ కాదు. గాలికి ఎదురొడ్డి ఇల్లు చేరాలనుకున్న ఇద్దరి నడక అది. డొరతీ తన రాతలో నడకలన్నీ పూలకే ఇచ్చేసింది. కొన్ని పూలు అలసి రాళ్ల మీద తలవాల్చాయి, మిగిలినవి తూలాయి, ఆడాయి.

కవి రెండేళ్ల తరవాత ఆ రోజును తలచుకున్నప్పుడు చెల్లెల్నీ గాలినీ ఇంటినీ పక్కకు పెట్టి వాండర్ అనే మాట ఏరుకున్నాడు. వాక్ అని ఉంటే పూలు దారి పక్కన కనిపించేవి. వాండర్ అన్నాడు కాబట్టి పూలు మీద పడ్డాయి. దేన్నీ వెతకని కంటికే అలాంటి ఆశ్చర్యం దక్కుతుంది. నాకు డొరతీ గద్యం అన్నగారి పద్యం కంటే ఒక్కోసారి ఎక్కువ ఇష్టం. గాలి దెబ్బ, కాళ్ల శ్రమ ఆమె దగ్గరే ఉన్నాయి. కానీ ఆ ఒక్క క్రియ ఎంపికలో మాత్రం అన్నదే పైచేయి. వర్డ్స్‌వర్త్ జీవితంలో ఒక లక్షా డెబ్బయ్యయిదు వేల మైళ్లకు పైగా నడిచి ఉంటాడని వ్యాసకర్త డి క్విన్సీ లెక్కగట్టాడు. అంత నడిచినవాడికి నడకల మధ్య తేడా కాళ్లకే తెలిసి ఉంటుంది.

వాండర్‌కు ఒక నీడ ఉంది. దారి తప్పినవాడూ వాండర్ చేస్తాడు. లాటిన్‌లో తిరుగాడడానికున్న మాట ఎర్రారే. ఇంగ్లీషులో తప్పును చెప్పే ఎర్రర్ దాన్నుంచే వచ్చింది. మిల్టన్ ‘పారడైజ్ లాస్ట్’ (1667) చివర ఆదాము, అవ్వ చెయ్యీ చెయ్యీ పట్టుకుని తోట విడిచి వెళ్లేటప్పుడు వాళ్ల అడుగులకు ఆయన పెట్టిన విశేషణం వాండరింగ్. ఆ రెండర్థాలూ అందులో కలిసి నడుస్తాయి. తప్పు చేసినందుకు వెళ్తున్నారు కాబట్టి ఎర్రర్ అక్కడుంది. ముందు లోకమంతా తెరుచుకుని ఉంది, ఎటు పోవాలో ఇంకా తెలియదు కాబట్టి స్వేచ్ఛా ఉంది. తెలుగులో దీనికి సాటివచ్చే మాటగా నాకు తోచేది తప్పటడుగు. పసిబిడ్డ నిలదొక్కుకుంటూ వేసే మొదటి అడుగులకు మనం ముద్దుగా పెట్టుకున్న పేరది. అదే పెద్దవాళ్ల విషయంలో తప్పుకు పేరయింది. ఇంగ్లీషు టాడిల్ ఆ దారి పట్టలేదు. అది పసితనంలోనే ఉండిపోయి, ఆ వయసుకే టాడ్లర్ అని పేరు ఇచ్చింది. మన మాటలో పిల్లలు పడ్డా ఎత్తుకునే చేతులు ఇంకా ఉన్నాయి. అందుకే ఎవరైనా తప్పటడుగు వేశారంటే నిందలో కొంచెం దయ వినిపిస్తుంది.

రాంబుల్, రోమ్ రెండూ ఆరుబయటి మాటలు. మాట్లాడుతూ మాట్లాడుతూ విషయం వదిలి పోవడాన్నీ ఇంగ్లీషువాళ్లు రాంబుల్ అనే అంటారు. వర్జీనియా వూల్ఫ్ 1927లో రాసిన ‘స్ట్రీట్ హాంటింగ్’ వ్యాసంలో ఒక పెన్సిలు కొనాలన్న నెపంతో లండన్ చలికాలపు సాయంత్రంలోకి బయల్దేరి, ఆ మాటకున్న రెండర్థాల్నీ ఒకటి చేసింది. వీధుల్లో కాళ్లు ఎలా తిరిగాయో వాక్యాలూ అలాగే తిరిగాయి. అదే మాట ఉత్తర ఇంగ్లండులో కష్టజీవుల చేతికి చేరాక పౌరుషం తెచ్చుకుంది. మాంచెస్టర్ పరిసరాల మిల్లుల్లో, దుకాణాల్లో పనిచేసే కుర్రాళ్లు ఆదివారం కొండలెక్కేవాళ్లు. తమను రాంబ్లర్లు అనుకున్నారు. కొండలన్నీ జమీందార్ల వేట భూములు. 1932 ఏప్రిల్ 24న వందలమంది కలిసి కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి కావాలనే నడిచారు. అయిదుగురు జైలుకు పోయారు. 1951లో ఆ ప్రాంతమే బ్రిటన్ మొదటి జాతీయ పార్కు అయింది. 2000లో చట్టం వచ్చి తెరిచి ఉన్న కొండలు, బీళ్ల మీద కాలినడకన తిరిగే వీలు కల్పించినప్పుడు జనం దాన్ని రైట్ టు రోమ్ అని పిలుచుకున్నారు. వాక్ హక్కు అని ఉంటే కాలిబాట ఇస్తే సరిపోయేది. రోమ్ బాటను అడగదు, మైదానాన్ని అడుగుతుంది.

‘మాక్‌బెత్’ అయిదో అంకం నడకల అంకం. మొదటి రంగంలో లేడీ మాక్‌బెత్ నిద్రలో నడుస్తుంది. కళ్లు తెరిచే ఉంటాయి, చూపుండదు. తరవాత అడవి కదిలి వస్తోందన్న వార్త. ఈ రెంటి మధ్య, భార్య చనిపోయిందని విన్న మాక్‌బెత్ బతుకును గురించి చెప్పే ఆ కొన్ని పంక్తుల్లో షేక్స్‌పియర్ రెండు నడకల్ని పక్కపక్కన పెట్టాడు. నీడకు వాక్ ఇచ్చాడు. రంగస్థలం మీది పేదనటుడికి స్ట్రట్ ఇచ్చాడు. స్ట్రట్ అంటే రొమ్ము విరుచుకుని, ఒళ్లు బిగబట్టి, నెమలి తీరున వేసే అడుగు. ప్రాచీన ఇంగ్లీషులో దాని మూలార్థం బిర్రబిగుసుకుని ముందుకు పొడుచుకురావడం. తమాషా చూడండి. నడవడానికి ఒళ్లే లేని నీడకు మామూలు నడక దొరికింది, ఒళ్లున్న మనిషికి బిగుసుకున్న నడక దక్కింది. ఆ నటుడి ఆడంబరమంతా ఒక గంటసేపే అని తెలిసి చదువుతున్నాం కాబట్టి స్ట్రట్ మీద కోపం రాదు, జాలి వేస్తుంది. రాజ్యం కోసం హత్యలు చేసినవాడు తన నడకకు తానే సరైన పేరు చెప్పుకున్నాడు. శోకంలో ఉన్నవాడి నోట ఇంత ఖచ్చితమైన క్రియ రావడం నాటకకర్త సాధించిన పరమ ఔచిత్యం.

ఇన్ని రంగుల మాటలు చూశాక మళ్లీ వాక్ దగ్గరికి వస్తే దాని గొప్పతనం కొత్తగా కనిపిస్తుంది. దానికి తీరు లేదు. అందుకే అన్ని తీరులకూ చోటిస్తుంది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు ఆదికాండంలో హనోకు అనే మనిషి వస్తాడు. ముందూ వెనకా ఉన్న పెద్దలందరూ ఇన్నేళ్లు బతికి చనిపోయారని ఉంటుంది. ఇతను చనిపోయాడని ఉండదు. దేవుడితో వాక్ చేశాడని ఉంటుంది, ఆ తరవాత కనిపించలేదని. మూడు వందల అరవయ్యయిదేళ్ల జీవితానికి ఒక్క క్రియ. అక్కడ సాంటర్ పెడితే భక్తి పోతుంది, మార్చ్ పెడితే ప్రేమ పోతుంది, వాండర్ పెడితే తోడు పోతుంది. తెలుగు బైబిలు కూడా అక్కడ నడవడం అనే మాటే వాడింది. మన క్రియకూ ఆ బరువు మోసే సత్తువుంది.

ఇరవయ్యో శతాబ్దంలో మనిషి నేల విడిచాక కూడా ఇంగ్లీషు ఈ మాటను విడవలేదు. 1965 మార్చి 18న సోవియట్ వ్యోమగామి అలెక్సీ లియోనోవ్ వ్యోమనౌక బయట, తాడు చివర, పన్నెండు నిమిషాల పాటు తేలాడు. కాలి కింద ఏమీ లేదు, అడుగూ లేదు. అలాంటి పనికి ఇంజినీర్లు పెట్టుకున్న పొడుగాటి సాంకేతిక నామం ఉంది. జనం మాత్రం స్పేస్‌వాక్ అన్నారు. 1969 జులైలో చంద్రుడి మీద నేల దొరికింది, బరువు మాత్రం ఆరోవంతే మిగిలింది. ఆ నేల మీద ఏ నడక నప్పుతుందో పరీక్షించి చూసే పని వ్యోమగామి బజ్ ఆల్డ్రిన్‌కు అప్పజెప్పారు. కెమెరా ఎదుట అటూ ఇటూ తిరుగుతూ అతను రెండు కాళ్లూ కలిపి కంగారూలా గెంతి చూశాడు, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి ఊగి చూశాడు. చివరికి అతనికి సుఖమనిపించింది లోప్. తోడేలు తీరిగ్గా దూరాలు దాటేటప్పుడు వేసే సాగుడు అంగకు, గుర్రం ఒదుగుడు పరుగుకు ఇంగ్లీషులో ఉన్న మాట అది. పాత నార్స్ భాషలో దాని మూలం గెంతడం. కాబట్టి అతను చంద్రుడి మీద చేసింది నిజానికి లోప్. పత్రికలు, పాఠ్యపుస్తకాలు, ఆ రాత్రి టీవీల ముందు కూర్చున్న జనం అందరూ దాన్ని మూన్‌వాక్ అనే పిలిచారు.